ఐస్ మెషిన్ చివరిసారి ఎప్పుడు కడిగారు? గ్లాసులో ఐస్ తెల్లగా, బోలుగా పడుతోందంటే అర్థం ఇదే!

ఎండాకాలం మధ్యాహ్నం. జ్యూస్ సెంటర్ ముందు జనం. మిక్సీ ఆగగానే గ్లాసులో నాలుగు ఐస్ ముక్కలు టపటపా పడతాయి. పండు తాజాగా ఉందా, గ్లాస్ కడిగారా, పాలు ఏ కంపెనీవి.. ఇవన్నీ చూసే కస్టమర్ కూడా ఒక్క విషయం మాత్రం అడగడు. ఆ ఐస్ ఎక్కడిది? అది తయారైన మెషిన్‌ను ఎప్పుడు కడిగారు?

అడగకపోవడానికి కారణం ఉంది. చల్లగా ఉన్నది శుభ్రంగా ఉంటుందని చాలామంది నమ్మకం. అద్దంలా మెరిస్తే ఇంకా నమ్మకం. కానీ హోటల్, బార్, జ్యూస్ షాప్, ఫంక్షన్ హాల్.. ఎక్కడైనా సరే, వంటింట్లో అన్నిటికంటే తక్కువసార్లు కడిగే వస్తువుల్లో ఐస్ మెషిన్ ఒకటి. ఎందుకంటే అది బయటికి ఎప్పుడూ నీట్‌గానే కనిపిస్తుంది. తేడా ఉండేది లోపల. అసలు ఆ లోపల ఏం జరుగుతుంది? మంచి ఐస్ రావాలంటే ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఐస్ కూడా ఫుడ్డే.. రూల్ ఏం చెబుతోంది?

ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. గ్లాసులో వేసే ఐస్ అంటే తినే పదార్థమే. మన దేశంలో ఫుడ్ సేఫ్టీ లైసెన్సింగ్ నిబంధనల్లోని షెడ్యూల్ 4 ప్రకారం, ఆహారానికి నేరుగా తగిలే ఐస్‌ను తాగడానికి పనికొచ్చే నీళ్లతోనే తయారు చేయాలి. తయారీలో, నిల్వలో, చేతులు మారేటప్పుడు ఎక్కడా కలుషితం కాకూడదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలై బ్యాక్టీరియా అసలు కనిపించకూడదు.

అమెరికా ఫుడ్ కోడ్‌లో కూడా ఆహారం అనే మాట నిర్వచనంలోనే ఐస్ ఉంది. బాటిళ్లను, చేపలను చల్లబరచడానికి ఒకసారి వాడిన ఐస్‌ను మళ్లీ తినే ఐస్‌గా వాడకూడదని అక్కడి రూల్.

"గడ్డకట్టేస్తే క్రిములు చచ్చిపోవా?" అనే డౌట్ చాలామందికి వస్తుంది. కొన్ని చస్తాయి. అన్నీ చావవు. చాలా బ్యాక్టీరియా, వైరస్‌లు చలికి కదలకుండా పడుంటాయంతే. ఐస్ కరిగి కడుపులోకి వెళ్లాక మళ్లీ పని మొదలుపెడతాయి. విస్కీలో వేసినంత మాత్రాన కూడా గ్యారంటీ లేదు. నీళ్లో, సోడానో కలిపి పలచబడిన మందుకు క్రిములన్నిటినీ చంపేంత బలం ఉండదు.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియా, డెలావేర్ రాష్ట్రాల్లో చాలామందికి ఒక్కసారిగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆరా తీస్తే అందరూ తాగిన డ్రింక్స్‌లో ఒకే చోట తయారైన ఐస్ ఉన్నట్టు తేలింది. ఆ ఐస్ ప్లాంట్ వాడే బావుల్లోకి వరద నీళ్లు చేరాయి. ఇప్పుడు నోరోవైరస్ అంటున్న రకం వైరస్ ఆ నీళ్ల ద్వారా ఐస్‌లోకి, ఐస్ ద్వారా గ్లాసుల్లోకి వెళ్లింది. అంటే నీళ్లలో తేడా ఉంటే ఐస్ దాన్ని దాచి పెడుతుందే తప్ప, తీసేయదు.

మెషిన్ లోపల అసలేం జరుగుతుంది?

ఇంట్లో ఫ్రిజ్ ట్రేలో చేసే ఐస్ మధ్యలో తెల్లగా ఉంటుంది. హోటల్ మెషిన్ ఐస్ మాత్రం అద్దంలా ఉంటుంది. రెండూ నీళ్లే కదా, మరి ఎందుకీ తేడా?

ట్రేలో నీళ్లు కదలకుండా నాలుగు వైపుల నుంచీ గడ్డకడతాయి. నీళ్లలోని గాలి, ఉప్పు, కాల్షియం బయటికి వెళ్లే దారి లేక మధ్యలో చిక్కుకుపోతాయి. అదే ఆ తెల్లదనం. కమర్షియల్ క్యూబ్ మెషిన్‌లో అలా కాదు. లోపల గళ్లు గళ్లుగా ఉండే ఒక చల్లటి ప్లేట్ ఉంటుంది. దాన్నే ఎవాపరేటర్ అంటారు. ఒక చిన్న పంపు కింది తొట్టిలోని నీళ్లను దాని మీదుగా పారిస్తూనే ఉంటుంది. కొన్ని మోడల్స్‌లో కింద నుంచి పైకి చిమ్ముతుంది. నీళ్లలో స్వచ్ఛమైన భాగం ముందుగా ప్లేట్‌కు అంటుకుని గడ్డకడుతుంది. ఉప్పు, ఖనిజాలు మాత్రం పారే నీళ్లతోపాటు తొట్టిలోకి దిగిపోతాయి.

గళ్లు నిండగానే మెషిన్ రూట్ మారుస్తుంది. కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్‌ను ప్లేట్ వెనక నుంచి పంపిస్తుంది. ప్లేట్‌కు అంటుకున్న పొర కొంచెం కరిగి, ఐస్ జారి కింది బిన్‌లో పడుతుంది. తొట్టిలో మిగిలిన ఉప్పు నీళ్లను చాలా మెషిన్లు డ్రెయిన్‌లోకి వదిలేసి, కొత్త నీళ్లు తీసుకుంటాయి. మోడల్‌ను బట్టి ఈ రౌండ్ మొత్తం సుమారు పావుగంట నుంచి అరగంటలో పూర్తవుతుంది. బిన్ నిండితే మెషిన్ దానంతటదే ఆగుతుంది.

"నీళ్లు ఊరికే డ్రెయిన్‌లోకి పోతున్నాయి" అని కొందరు ఓనర్లు ఆ పైపు మూసేయడం, లేదా అదే నీళ్లు మళ్లీ వాడేలా చేయడం చేస్తుంటారు. ఇది పెద్ద పొరపాటు. ఆ వదిలేసే నీళ్లలోనే మెషిన్‌ను పాడు చేసే ఉప్పు ఉంటుంది. అది లోపలే తిరిగితే ముందు ఐస్ పాడవుతుంది, తర్వాత మెషిన్ పాడవుతుంది.

ఐస్ ముక్కే చెప్పేస్తుంది.. గుర్తుపట్టండి ఇలా

మెకానిక్‌ను పిలిచే ముందు ఐస్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

తెల్లగా, మెత్తగా ఉంటే: నీళ్లలో ఉప్పు ఎక్కువైంది, లేదా తొట్టిలోని పాత నీళ్లు సరిగ్గా బయటికి పోవడం లేదు. ఫిల్టర్ మార్చే టైమ్ కూడా దాటి ఉండొచ్చు.

మధ్యలో బోలుగా, సైజు చిన్నగా ఉంటే: ప్లేట్ మీదికి నీళ్లు తక్కువ వస్తున్నాయి. ఫిల్టర్ జామ్ అయినా, లోపలికి నీళ్లు వదిలే వాల్వ్‌లో ఇసుక ఇరుక్కున్నా, చిమ్మే రంధ్రాలు ఉప్పుతో మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది.

ఐస్ తయారై కూడా ప్లేట్‌ను వదలకపోతే: ప్లేట్ మీద ఉప్పు పొర గరుకుగా పేరుకుంది. నున్నగా జారాల్సిన ఐస్ అక్కడ పట్టుకుపోతోంది. చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిచి ఊడదీయడం అస్సలు వద్దు. ప్లేట్ పైపూత గీతలు పడితే ఇక అది ఎప్పటికీ వదలదు. రంధ్రం పడితే గ్యాస్ మొత్తం పోతుంది. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది.

క్లోరిన్ వాసన వస్తే: కార్బన్ ఫిల్టర్ పని అయిపోయింది. చేపల, ఉల్లిపాయల వాసన వస్తే బిన్ పక్కన ఏం పెట్టారో చూడాలి. ఐస్ చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది.

ముక్కలన్నీ ఒకే ముద్దలా అంటుకుపోతే: బిన్ మూత సరిగ్గా పడటం లేదు, లేదా మధ్యలో కరెంట్ పోయి కరిగి మళ్లీ గట్టిపడింది.

నల్ల చుక్కలు, గులాబీ రంగు జిగురు కనిపిస్తే: ఇక ఆలోచించొద్దు. మెషిన్ ఆపేయాలి. నల్లది బూజు. గులాబీ జిగురు తేమ ఉన్న చోట పెరిగే బ్యాక్టీరియా, ఈస్ట్‌ల పని. బీరు పోసే బార్ కౌంటర్ల దగ్గర, పిండి పులియబెట్టే బేకరీల్లో గాల్లోనే ఈస్ట్ ఎక్కువ. అందుకే అక్కడి మెషిన్లలో ఈ జిగురు తొందరగా పడుతుంది.

బోరు, ట్యాంకర్, మంజీర.. నీళ్లు మారితే ఐస్ మారుతుంది

హైదరాబాద్‌లో ఒకే షాపుకు ఏడాదిలో మూడు రకాల నీళ్లు వస్తాయి. నల్లా నీళ్లు కొన్నాళ్లు, బోరు కొన్నాళ్లు, ఏప్రిల్, మే వస్తే ట్యాంకర్. మెషిన్ మాత్రం అదే. నల్లా నీళ్లకు ఆరు నెలలు బాగా నడిచిన మెషిన్, బోరు నీళ్లకు మారిన రెండు నెలల్లోనే మొరాయిస్తుంది. గీజర్ రాడ్ మీద, బకెట్ అంచుల మీద తెల్లటి పొర చూసే ఉంటారు. అదే పొర ఐస్ మెషిన్ లోపల కూడా పడుతుంది. పైగా ఇక్కడ నీళ్లు గడ్డకట్టే కొద్దీ మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది.

ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 2000 వరకు అనుమతి ఉంది. గట్టిదనం, అంటే హార్డ్‌నెస్, 200 లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600. అయితే ఇవి మనిషి తాగడానికి పెట్టిన లెక్కలు. మనిషి తట్టుకునే ఉప్పును మెషిన్ తట్టుకోవాలని లేదు. అందుకే కంపెనీ మాన్యువల్‌లో నీళ్ల లిమిట్స్ విడిగా ఇస్తారు. టీడీఎస్ మీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. ట్యాంకర్ మారినప్పుడల్లా ఒకసారి ముంచి చూస్తే చాలు. కాకపోతే ఒక విషయం గుర్తుంచుకోవాలి. టీడీఎస్ మీటర్ ఉప్పును చూపిస్తుంది, క్రిములను చూపించదు.

మెషిన్‌కు ముందు కనీసం రెండు ఫిల్టర్లు ఉండటం మంచిది. ఒకటి మట్టి, ఇసుక ఆపేది. రెండోది క్లోరిన్, వాసన తీసే కార్బన్ ఫిల్టర్. సాధారణంగా ఆరు నెలలకోసారి మార్చమంటారు. ట్యాంకర్ నీళ్లలో మట్టి ఎక్కువైతే అంతకంటే ముందే మార్చాల్సి వస్తుంది.

ఇక్కడో మెలిక ఉంది. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది. రుచి బాగుంటుంది. కానీ క్రిములను అదుపులో పెట్టేది కూడా ఆ క్లోరినే. అది లేని నీళ్లు మెషిన్‌లోకి వెళితే లోపల జిగురు పట్టే అవకాశం పెరుగుతుంది. అంటే ఫిల్టర్ పెట్టాం కాబట్టి కడగక్కర్లేదు అనుకోవడం తప్పు. ఫిల్టర్ పెట్టినవాళ్లు ఇంకా జాగ్రత్తగా కడగాలి.

మరి ఆర్వో పెట్టేస్తే? ఉప్పు సమస్య బాగా తగ్గుతుంది. కానీ కొన్ని మోడల్స్‌లో ఐస్ మందం, నీళ్ల మట్టం తెలుసుకునే సెన్సర్లు నీళ్లలోని లవణాల ద్వారా కరెంట్ పారడం మీద ఆధారపడి పనిచేస్తాయి. ఉప్పు మరీ లేకపోతే వాటికి నీళ్లు ఉన్నట్టే తెలియదు. కాబట్టి ఆర్వో బిగించే ముందు ఆ మోడల్‌కు టీడీఎస్ ఎంత కనీసం ఉండాలో సర్వీస్ వాళ్లను అడగాలి.

"గ్యాస్ అయిపోయింది సార్".. నిజంగా అయిపోయిందా?

ఏప్రిల్ రాగానే చాలా షాపుల్లో ఒకటే కంప్లైంట్. రోజుకు వంద కిలోలు ఇస్తుందని కొన్న మెషిన్ సగం కూడా ఇవ్వదు. మెకానిక్ వస్తాడు. "గ్యాస్ తక్కువుంది" అంటాడు. ఫిల్లింగ్ చేస్తారు. డబ్బులు పోతాయి. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ.

అసలు విషయం ఏంటంటే.. ఐస్ మెషిన్‌లోని గ్యాస్ పెట్రోల్‌లా వాడితే అయిపోయేది కాదు. అది మూసిన పైపుల్లో అలా తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ పట్టుకోకుండా గ్యాస్ నింపితే డబ్బులు గాల్లో కలిసినట్టే. అంతకంటే ముందు చూడాల్సింది కండెన్సర్‌ను.

ప్లేట్ దగ్గర తీసిన వేడిని మెషిన్ కండెన్సర్ ద్వారా బయటికి నెడుతుంది. గాలితో చల్లబడే మెషిన్లకు వెనకో పక్కనో జాలీలా కనిపించేది అదే. వంటింటి నూనె ఆవిరి, పిండి, దుమ్ము కలిసి దాని మీద దుప్పటిలా పేరుకుంటాయి. వేడి బయటికి పోదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. కరెంట్ బిల్లు పెరుగుతుంది, ఐస్ తగ్గుతుంది. మెత్తటి బ్రష్, వాక్యూమ్‌తో పది నిమిషాల పని. అది చేయకుండా గ్యాస్ కొట్టించుకున్నవాళ్లే ఎక్కువ.

ఎండ ప్రభావం కూడా చిన్నదేం కాదు. ఐస్ మెషిన్లకు పరిశ్రమలో వాడే ప్రామాణిక టెస్ట్ సుమారు 32 డిగ్రీల గాలి, 21 డిగ్రీల నీళ్ల దగ్గర జరుగుతుంది. కొన్ని బ్రోచర్లలో ఇంకా చల్లటి వాతావరణం లెక్క మీద పెద్ద అంకె వేస్తారు. రామగుండం, విజయవాడల్లో మే నెలలో 43, 44 డిగ్రీలు దాటితే, పొయ్యి పక్కనే పెట్టిన మెషిన్ ఆ అంకెను అందుకోవడం కుదరని పని.

నీళ్ల సంగతి చూడండి. 20 డిగ్రీల నీళ్లను కిలో ఐస్‌గా మార్చాలంటే దాదాపు 418 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. మేడ మీద నల్ల ట్యాంక్‌లో ఎండకు కాగి 40 డిగ్రీలకు చేరిన నీళ్లయితే దాదాపు 501 కిలోజౌళ్లు. అంటే అదే కిలో ఐస్‌కు 20 శాతం ఎక్కువ పని. ట్యాంక్‌కు నీడ కల్పించినా, మెషిన్‌ను పొయ్యికి దూరంగా జరిపినా, గోడకు ఆనించకుండా మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదిలినా ఖర్చు లేకుండానే ఐస్ పెరుగుతుంది.

కడగడం అంటే రెండు పనులు.. ఒకటి కాదు

చాలాచోట్ల ఐస్ మెషిన్ క్లీనింగ్ అంటే బయట తడిగుడ్డతో తుడవడమే. అసలు క్లీనింగ్ లోపల, రెండు దశల్లో జరగాలి. మొదటిది ఉప్పు వదిలించడం. రెండోది క్రిములను చంపడం. ఉప్పు పొర అలాగే ఉండగా మందు వేస్తే, క్రిములు ఆ పొర కింద హాయిగా దాక్కుంటాయి. అందుకే వరుస మారకూడదు.

మొదట ఐస్ తయారీ ఆపేసి, బిన్‌లోని ఐస్ మొత్తం పారేయాలి. మనసు ఒప్పదు కానీ తప్పదు. మందు తుంపర్లు పడిన ఐస్ గ్లాసులోకి వెళ్లకూడదు. ఆ తర్వాత మెషిన్‌ను క్లీన్ మోడ్‌లో పెట్టి, కంపెనీ చెప్పిన కొలతలో ఉప్పు కరిగించే ద్రావణం తొట్టిలో పోయాలి. పంపు దాన్ని ప్లేట్ మీదుగా తిప్పుతుంది. చాలా ప్లేట్లకు నికెల్ పూత ఉంటుంది. అలాంటి వాటికి నికెల్‌కు హాని చేయని ద్రావణమే వాడాలి. బాత్రూమ్ యాసిడ్ పోస్తే తెల్లగా మెరవడం నిజమే, పూత లేచిపోవడం కూడా నిజమే. లేచిన పూత ముక్కలు రేపటి ఐస్‌లో కనిపిస్తాయి.

తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. ఊడదీయగలిగే పైపులు, తెరలు, తొట్టి భాగాలను విడిగా తీసి మెత్తటి బ్రష్‌తో రుద్దాలి. జిగురు ఎక్కువగా దాక్కునేది వాటి మూలల్లోనే. ఆ తర్వాతే శానిటైజర్. లేబుల్ మీద ఎంత రాశారో అంతే కలపాలి, ఎంతసేపు ఉంచమన్నారో అంతసేపు ఉంచాలి. మళ్లీ ఆన్ చేశాక వచ్చే మొదటి బ్యాచ్ ఐస్ కూడా పారేయాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. ఉప్పు కరిగించే ద్రావణం యాసిడ్. బ్లీచింగ్ రకం శానిటైజర్‌లో క్లోరిన్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. "రెండూ ఒకేసారి పోస్తే టైమ్ కలిసొస్తుంది" అని షట్టర్ దించిన చిన్న గదిలో ప్రయత్నిస్తే, ఊపిరాడక కూలిపోయేది ఆ పని చేసే కుర్రాడే. తలుపు తెరిచి ఉంచడం, చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు పెట్టుకోవడం, రెండు మందుల మధ్య నీళ్లతో కడగడం.. ఇవి ఓనర్ దగ్గరుండి చూడాల్సిన విషయాలు. ఆ కుర్రాడికి లేబుల్ చదవడం రాకపోతే చదివి చెప్పాల్సిన బాధ్యత కూడా ఓనర్‌దే.

ఎన్నాళ్లకోసారి కడగాలి? చాలా కంపెనీలు కనీసం ఆరు నెలలకోసారి అంటాయి. బోరు నీళ్లయితే, పిండి, బీరు పక్కనే ఉంటే మూడు నెలలకోసారి, అవసరమైతే ఇంకా ముందే కడగాలి.

మెషిన్ మంచిదే.. స్కూప్ సంగతేంటి?

లోపల ఎంత స్వచ్ఛమైన ఐస్ తయారైనా, బిన్ దగ్గర ఒక్క చెయ్యి చాలు దాన్ని పాడు చేయడానికి. బిల్లు కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టి, అదే చేత్తో ఐస్ తీసే దృశ్యం కొత్తేం కాదు.

స్కూప్‌తోనే తీయాలి. స్కూప్‌ను ఐస్‌లో గుచ్చి వదిలేయకూడదు. పిడికి అంటిన చేతి మురికి అంతా ఐస్‌కు అంటుకుంటుంది. బయట శుభ్రమైన డబ్బాలో పెట్టి, రోజూ కడగాలి. గ్లాస్‌తో ముంచి తీయడం ఇంకా ప్రమాదం. గ్లాస్ అంచు చిట్లితే గాజు ముక్క ఏదో, ఐస్ ముక్క ఏదో ఎవరికీ కనిపించదు. ఎప్పుడైనా బిన్‌లో గ్లాస్ పగిలితే ఏరడం కుదరదు. మొత్తం కరిగించి, బిన్ కడిగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

బిన్ అంటే ఫ్రిజ్ కాదు. అందులో కూల్‌డ్రింక్ బాటిళ్లు, పాల ప్యాకెట్లు, చికెన్ కవర్లు దాచకూడదు. బాటిల్ అడుగున అంటిన గోడౌన్ మట్టి మొత్తం ఐస్‌లో కలుస్తుంది. డ్రెయిన్ పైపు కూడా చూసుకోవాలి. దాని చివర మురుగు కాలువలో మునిగి ఉండకూడదు. పైపుకు, కాలువకు మధ్య ఖాళీ ఉండాలి. లేదంటే కాలువ నిండినప్పుడు మురుగు వెనక్కి తన్నే ప్రమాదం ఉంది.

కరెంట్ పోతే ఇంకో తలనొప్పి. బిన్ చల్లబరిచే యంత్రం కాదు, చాలా మోడల్స్‌లో అది చలి ఆగేలా కట్టిన పెట్టె మాత్రమే. గంటల తరబడి కరెంట్ లేకపోతే మూత తెరవకుండా ఉంచాలి. కరిగి ముద్దయిన ఐస్‌ను రాడ్‌తో పగలగొట్టి వాడటం కంటే పారేయడం మేలు. వోల్టేజ్ ఎక్కువతక్కువలుండే చోట స్టెబిలైజర్ లేకపోతే ముందు దెబ్బతినేది కంప్రెసరే.

ఐస్ గడ్డ కొనే షాపులకు ఇంకో జాగ్రత్త

అందరికీ మెషిన్ కొనే స్థోమత ఉండదు. చెరకు రసం బండి, గోలీ సోడా బండి, చిన్న జ్యూస్ షాపులు ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డలే తెచ్చుకుంటాయి. ఈ ఫ్యాక్టరీల్లో నీళ్లు నింపిన పొడవాటి డబ్బాలను చల్లటి ఉప్పునీటి ట్యాంక్‌లో దించి గడ్డకట్టిస్తారు. డబ్బాకు తుప్పు పట్టి చిల్లు పడితే ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి. ఐస్ ఉప్పగా ఉందంటే కారణం అదే కావొచ్చు.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల చేపల కోసం పెద్ద ఎత్తున ఐస్ తయారవుతుంది. చేపలు నిల్వ చేసే ఐస్ వేరు, గ్లాసులో వేసే ఐస్ వేరు. గడ్డ కట్టాక రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అసలు సమస్య అక్కడే. ఈ గందరగోళం పోవాలనే 2018లో మహారాష్ట్రలో తినకూడని ఐస్‌కు నీలం రంగు కలపాలని ఆదేశించారు. తెల్లగా ఉంటే తినేది, నీలంగా ఉంటే నిల్వకు వాడేది.

గడ్డ కొనే షాపు ఓనర్ అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఇది తినడానికి తయారు చేసిందేనా? ఏ నీళ్లతో చేశారు? ఫ్యాక్టరీకి ఫుడ్ లైసెన్స్ ఉందా? ఇక గోనె సంచిలో, ఊకలో చుట్టి ఆటోలో తెచ్చిన గడ్డను రోడ్డు మీద దించి ఈడ్చుకెళ్లడం, అక్కడే సుత్తితో కొట్టడం మానేయాలి. మంచినీళ్లతో పైపొర కడిగి, శుభ్రమైన బాక్స్‌లో పెట్టాలి.

ఓనర్ల కోసం సింపుల్ చార్ట్.. గోడకు అంటించుకోండి

రోజూ: స్కూప్, దాని డబ్బా కడగాలి. బిన్ మూత సరిగ్గా పడుతోందా చూడాలి. ఉదయం తీసిన మొదటి ఐస్ ముక్కను చూసి, వాసన చూడాలి.

వారానికోసారి: బిన్ తలుపు, రబ్బరు అంచులు, చేతికి అందే లోపలి భాగాలు తుడిచి శానిటైజ్ చేయాలి. డ్రెయిన్ సాఫీగా పారుతోందా చూడాలి.

నెలకోసారి: మెయిన్ ఆఫ్ చేసి కండెన్సర్ జాలీ శుభ్రం చేయాలి. బిన్ మొత్తం ఖాళీ చేసి కడగాలి. నీళ్ల టీడీఎస్ రాసుకోవాలి.

మూడు నుంచి ఆరు నెలలకోసారి: ఉప్పు వదిలించడం, తర్వాత శానిటైజ్ చేయడం. ఫిల్టర్ మార్చడం. తేదీని మెషిన్ మీదే మార్కర్‌తో రాయడం.

ఏడాదికోసారి: నీళ్లు, ఐస్ రెండింటి శాంపిల్ ల్యాబ్‌లో టెస్ట్ చేయించడం. వర్షాకాలం మొదట్లో చేయిస్తే ఇంకా మంచిది. బోర్లలోకి, సంపుల్లోకి మురుగు చేరేది ఎక్కువగా అప్పుడే.

కస్టమర్ ఏం చూడాలి?

మెషిన్ లోపలికి తొంగి చూడటం కస్టమర్‌కు కుదరదు. కానీ స్కూప్ ఎక్కడుంది, చేత్తో తీస్తున్నారా, బిన్‌లో బాటిళ్లు ఉన్నాయా అన్నది కౌంటర్ దగ్గర నిలబడితేనే కనిపిస్తుంది. డౌట్ ఉంటే ఐస్ లేకుండా అడగొచ్చు. ఖాళీ గ్లాసులో రెండు ముక్కలు వేసి కరగనిస్తే అడుగున మట్టి, తెల్ల పొడి, నలుసులు ఉన్నాయేమో తెలుస్తుంది. అవి లేవంటే క్రిములు లేవని కాదు, కనిపించే మురికి లేదని మాత్రమే. పసిపిల్లలు, గర్భిణులు, వయసుపైబడినవాళ్లు ఉంటే ఇంకాస్త జాగ్రత్త మంచిది. వాళ్లలో విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి.

పరిస్థితి మరీ దారుణంగా ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100కు ఫోన్ చేయొచ్చు. షాపులో కనిపించే లైసెన్స్ నంబర్ నోట్ చేసుకుంటే ఫిర్యాదు తేలికవుతుంది.

ఓనర్లకు చివరగా ఒక్క మాట. మంచి ఐస్‌ను కస్టమర్ ఎప్పుడూ మెచ్చుకోడు. అసలు గమనించడు కూడా. కానీ ఒక్క గ్లాస్ తాగి ఇంట్లో పిల్లాడు రాత్రంతా వాంతులు చేసుకుంటే, ఆ షాపు పేరు ఆ వీధంతా గుర్తుంచుకుంటుంది. అందుకే ఈ రాత్రి షట్టర్ దించే ముందు, ఒక్కసారి మెషిన్ ముందు ప్యానెల్ తీసి, టార్చ్ వేసి చూడండి. అక్కడ కనిపించేదే రేపు పొద్దున మీ కస్టమర్ గ్లాసులో పడేది.